కోన్‌ఫ్లవర్, కుసుమ, గునుగు: మన పేటల పువ్వుల వలస లెక్క



పోయిన వారం మన గ్రూపులో ఒక తమ్ముడు ఊదారంగు పువ్వు ఫోటో పెట్టి, "దీన్ని కోన్‌ఫ్లవర్ అంటారట. విత్తనాలు ఆన్‌లైన్‌లో దొరుకుతున్నాయి. మన సంఘం ఆవరణలో వేస్తే వస్తుందా?" అని అడిగాడు. దాని కిందనే ఇంకొకరు, "ఆవరణంతా పేవర్ బ్లాకులు వేయబోతుంటే ఇంకా పూలేంటి?" అని రాశారు. రెండూ అడగవలసిన ప్రశ్నలే. వచ్చే నెల సర్వసభ్య సమావేశంలో ఆవరణ సంగతి తేల్చాలి. అందుకని ఈ పువ్వు గురించి, దాని పక్కన మన పువ్వుల గురించి నాకు తెలిసిన చరిత్ర కొంచెం పొడుగ్గానే రాస్తున్నాను. అంత ఓపిక లేనివాళ్ళు పెంపకం గురించి రాసిన భాగం, చివర్లో ఉన్న ప్రతిపాదన చదివినా చాలు.

నేను రైల్వేలో కొన్నేళ్ళు పార్సిల్ పని చూశాను. పూలబుట్టలు త్వరగా పాడయ్యే సరుకు కింద బుక్ అయ్యేవి. బుట్టలో ఏముందో మూత తీయకుండానే వాసన చెప్పేది. కానీ మాకు కావలసింది వాసన కాదు, చీటీ మీద రెండు గడులు: ఎక్కడి నుంచి, ఎక్కడికి. ఆ అలవాటు రిటైరయ్యాక కూడా పోలేదు. ఏ పువ్వును చూసినా ముందు ఆ రెండు గడులే నింపబుద్ధేస్తుంది. ఈ వ్యాసం కూడా అలాంటిదే అనుకోండి.

ముందు పేరు సంగతి

కోన్‌ఫ్లవర్ అంటే మన శంఖుపువ్వు కాదు. శంఖుపువ్వు నీలంగా, తీగకు పూసేది. ఇది నిటారుగా రెండు మూడు అడుగులు పెరిగే మొక్క. పువ్వు మధ్యలో గుండ్రంగా, ముళ్ళు ముళ్ళుగా, శంకువులా ఒక గుబ్బ లేస్తుంది. చుట్టూ రేకులు కిందికి వాలి ఉంటాయి. అసలు ఊరు ఉత్తర అమెరికా మధ్య, తూర్పు భాగాలు. అక్కడి గడ్డి మైదానాల్లో, రాతి నేలల్లో తనంతట తాను మొలిచేది.

స్వీడన్ శాస్త్రవేత్త లిన్నేయస్ 1753లో మొక్కలకు పేర్లు పెడుతూ దీన్ని రుడ్బెకియా జాతిలో చేర్చాడు. రుడ్బెక్ అనేది ఉప్సాలాలో వృక్షశాస్త్రం చెప్పిన తండ్రీ కొడుకుల ఇంటి పేరు. లిన్నేయస్ పేద విద్యార్థిగా ఉన్నప్పుడు ఆ కొడుకు రుడ్బెక్ ఇంట్లోనే ఉండి, వాళ్ళ పిల్లలకు చదువు చెప్పాడు. తిన్న ఇంటిని మర్చిపోకుండా ఒక పువ్వుకు ఆ పేరు పెట్టాడు. తర్వాత 1794లో మోయెంక్ అనే జర్మన్ శాస్త్రవేత్త ఊదారంగు రకాన్ని విడదీసి ఎకినేసియా అన్నాడు. గ్రీకు భాషలో ఎకినోస్ అంటే ముళ్ళపంది. మధ్య గుబ్బను వేలితో తాకితే ఆ పేరు ఎందుకో తెలిసిపోతుంది. ఈ రోజుకీ రెండు జాతులనూ కోన్‌ఫ్లవర్ అనే పిలుస్తారు. పసుపు రేకులు, నల్ల గుబ్బ ఉంటే చాలావరకు రుడ్బెకియా. ఊదా రేకులు, ముళ్ళ గుబ్బ ఉంటే ఎకినేసియా.

ఇంకొక విషయం తెలిస్తే మీకు ముచ్చటేస్తుంది. ఈ కుటుంబంలో మనం ఒక పువ్వు అనుకునేది నిజానికి ఒక పువ్వు కాదు. మధ్య గుబ్బలో కనిపించే ప్రతి చుక్కా ఒక చిన్న పువ్వే. చుట్టూ ఉన్న ఒక్కొక్క రేకూ ఒక్కొక్క పువ్వే. వందల పువ్వులు ఒకే తొడిమ మీద కూర్చుని ఒక్క పువ్వులా కనిపిస్తాయి. బంతి, చామంతి, పొద్దుతిరుగుడు, కుసుమ అన్నీ ఈ కుటుంబానివే. దీనికంటే సంఘం అనే మాటకు మంచి బొమ్మ దొరకదు.

అమెరికాలో దాని బతుకు

అక్కడి మైదాన ప్రాంతాల ఆదివాసులు సన్న ఆకుల కోన్‌ఫ్లవర్ వేరును పంటి నొప్పికి, గొంతు నొప్పికి, పాము కాటుకు వాడేవారు. 1880లలో నెబ్రాస్కాలో మేయర్ అనే మందుల వ్యాపారి ఆ వేరుతో ఒక కషాయం చేసి, రక్తశుద్ధి మందు అని అమ్మాడు. సిన్సినాటి వైద్యులకు దాన్ని పంపి, కావాలంటే మీ ఎదుటే పాముతో కరిపించుకుని ఈ మందుతో బతికి చూపిస్తానన్నాడు. వాళ్ళు వద్దన్నారు! కానీ మందు మాత్రం వాళ్ళ చేతుల మీదుగానే దేశమంతా పాకింది. 1930లలో మాడౌస్ అనే ఆయన విత్తనాలు తెప్పించుకుని జర్మనీలో సాగు చేయించాడు. ఇప్పుడు జలుబు మందుల్లో, హోమియో సీసాల్లో ఆ పేరు చూస్తుంటాం. ఒక్క మాట చెప్పాలి. జలుబు మీద చేసిన పరీక్షల్లో ఫలితాలు ఒకే తీరుగా రాలేదు. 2005లో పేరున్న ఒక వైద్య పత్రికలో వచ్చిన పరీక్షలో చెప్పుకోదగ్గ గుణం కనబడలేదు. కాబట్టి పువ్వును పువ్వుగా పెంచుకుందాం. పెరట్లో వేరు తవ్వి కషాయం కాచుకోవద్దు.

నాకు మందు కంటే ఎక్కువ నచ్చిన కథ టెనెసీ కోన్‌ఫ్లవర్‌ది. అది నాష్‌విల్ పట్టణం చుట్టుపక్కల, సున్నపురాతి మీద పలుచని మట్టి ఉన్న చోట్ల తప్ప ప్రపంచంలో ఇంకెక్కడా సహజంగా పెరగదు. పట్టణం పెరిగింది, ఇళ్ళు లేచాయి, రోడ్లు పడ్డాయి. ఇక ఈ మొక్క లేదనే అనుకున్నారు. 1960లలో మళ్ళీ కనబడింది. 1979లో అక్కడి ప్రభుత్వం దాన్ని అంతరించే ప్రమాదంలో ఉన్న మొక్కల జాబితాలో చేర్చింది. నేల కొని కాపాడారు, విత్తనం కట్టి కొత్త చోట్ల నాటారు. ముప్పై రెండేళ్ళ తర్వాత, 2011లో, ఇక భయం లేదని జాబితాలోంచి తీసేశారు. జాబితాలోకి ఎక్కే మొక్కలు చాలా ఉన్నాయి. బతికి బట్టకట్టి దిగిన మొక్కలు కొన్నే.

ఆ మొక్క పెద్ద భూమి ఏమీ అడగలేదు. ఎవరూ సిమెంటు వేయని కొంచెం నేల, ఏటా విత్తనం చూసుకునే మనుషులు ఉంటే చాలనిపించింది.

సోలాపూర్ నేలకు చెందిన ముళ్ళ పువ్వు

ఇప్పుడు మన ఊరికి వద్దాం. కోన్‌ఫ్లవర్ కుటుంబంలో ఈ నల్లరేగడికి బాగా అలవాటైన పువ్వు కుసుమ. మరాఠీలో కర్డఈ అంటారు. మాల్దండి జొన్న చేను చుట్టూ కంచెలా వేస్తారు. ముళ్ళుంటాయి కాబట్టి పశువులు దాటి రావు. వానలు వెనకబట్టాక, రబీలో, నేలలో మిగిలిన తడితోనే పండుతుంది. వేరు చాలా లోతుకు పోతుంది. లేత ఆకు కూరకు పనికొస్తుంది, గింజ నూనెకు పనికొస్తుంది. కుసుమ మీద పరిశోధన జరిగే కేంద్రాల్లో మన సోలాపూర్ ఒకటి.

అయితే నేతవాళ్ళకు కుసుమతో ఉన్న చుట్టరికం నూనెది కాదు, రంగుది. కుసుమ రేకుల్లో రెండు రంగులుంటాయి. నీళ్ళలో పిసికితే ముందు పసుపు పోతుంది. ఆ పసుపు పోయేదాకా మళ్ళీ మళ్ళీ కడిగి, తర్వాత క్షారం కలిపిన నీళ్ళలో వేస్తే లోపల దాగిన ఎరుపు దిగుతుంది. దానికి నిమ్మరసం లాంటి పులుపు తగిలిస్తే ఆ ఎరుపు నూలుకు పడుతుంది. గులాబీ నుంచి ఎరుపు దాకా ఎన్ని ముంపులు వేస్తే అంత చిక్కన. అందమైన రంగే గాని ఎండకు, సబ్బుకు నిలిచేది కాదు. అందుకే పెళ్ళి బట్టలకు, పండగ బట్టలకు ఎక్కువ వాడేవారు. ఈజిప్టులో వేల ఏళ్ళ నాటి శవాల చుట్టూ చుట్టిన బట్టల్లో కూడా కుసుమ రంగు కనబడింది.

1856లో ఇంగ్లండులో పెర్కిన్ మొదటి కృత్రిమ రంగు తయారు చేశాడు. 1869 నాటికి మంజిష్ఠ ఎరుపుకు, 1897లో నీలిమందుకు కర్మాగారపు రంగులు వచ్చేశాయి. డబ్బాల్లో రంగు రావడం మొదలయ్యాక కుసుమ రేకుల పని మూలబడింది. చేలో కుసుమ మిగిలింది, రంగు తొట్టిలోంచి మాత్రం పోయింది. మన పిల్లల్లో చాలామందికి కుసుమ నూనె తెలుసు గాని కుసుమ రంగు తెలియకపోవడానికి కారణం ఇదే.

మనవాళ్ళు వచ్చిన దారి

రైల్వే మనిషిని గనుక తేదీలు రాయకుండా ఉండలేను. బొంబాయి నుంచి వచ్చే లైను 1860లో సోలాపూర్ చేరింది. 1871లో రాయచూరు దగ్గర మద్రాసు లైనుతో కలిసింది. 1874లో వాడి నుంచి సికింద్రాబాదుకు నిజాం రైలు వచ్చింది. 1876 నుంచి 78 దాకా దక్కన్‌ను పెద్ద కరువు ఊపేసింది. ఆ మధ్యలోనే, 1877లో, మొరార్జీ గోకుల్‌దాస్ ఇక్కడ బట్టల మిల్లు పెట్టాడు. మనం జూనీ మిల్లు అనేది దాన్నే. ఈ తేదీలను ఒక వరసలో పెట్టి చూడండి. తెలంగాణ పల్లెల్లో మగ్గం ఆగిన మనిషికి ఒక పట్టణం, ఒక దారి, ఒక పని ఒకే ఇరవై ఏళ్ళలో కనబడ్డాయి. మనవాళ్ళు అంతకు ముందు నుంచీ కొందరు వస్తూనే ఉన్నారు. ఆ తర్వాత వచ్చినవాళ్ళు పేటలకు పేటలే నింపారు. చేతి మగ్గం తర్వాత పవర్‌లూమ్ వచ్చింది, చద్దర్లు, టవల్స్ వచ్చాయి. మగవాళ్ళు మగ్గం దగ్గర, ఆడవాళ్ళు బీడీల చేట దగ్గర. ఇళ్ళు ఇరుకు. ముందు గదిలో మగ్గం, వెనక గదిలో సంసారం, రెండింటి మధ్య నాలుగడుగుల వాకిలి. ఆ వాకిట్లోనే తులసి కోట, పాత డబ్బాల్లో బంతి మొక్కలు.

వలస వచ్చినవాళ్ళు దేవుణ్ణి వెంట తెచ్చుకున్నారు. శ్రావణ పౌర్ణమినాడు మార్కండేయుడి రథం ఊరేగుతుంది. ఆడవాళ్ళు బతుకమ్మను తెచ్చుకున్నారు. కానీ బతుకమ్మ రాతి విగ్రహం కాదు, మూటలో కట్టుకుని రావడానికి. ఆ ఏటి పువ్వు ఆ ఏడే కావాలి. పూలు లేని చోట బతుకమ్మ ఉండదు. మరి ఇక్కడ ఎలా నిలిచింది?

నాకు దొరికిన జవాబు చాలా చిన్నది. తంగేడు ఇక్కడా ఉంది. మరాఠీవాళ్ళు తర్వడ్ అంటారు. గునుగు ఇక్కడా ఉంది. చేలల్లో కలుపుగా మొలుస్తుంది, కుర్డూ అంటారు. కరీంనగర్ నుంచి ఇక్కడిదాకా దక్కన్ పీఠభూమే కదా. మనుషులు వలస వచ్చారు గాని తంగేడు, గునుగు మనకోసం ఇక్కడ ముందే ఉన్నాయి, వేరే పేరుతో. మనవాళ్ళు తెచ్చింది పువ్వును కాదు, దాని తెలుగు పేరును.

శంకువు ఆకారపు పువ్వు కావాలని తమ్ముడు అడిగాడు గదా. గునుగు వెండి కొసలతో కంకిలా, శంకువులా నిలబడే పువ్వు. కోన్‌ఫ్లవర్‌కు చుట్టం కాదు, తోటకూర కుటుంబానిది. అయినా ఆకారానికి మన కోన్‌ఫ్లవర్ అదే. రంగునీళ్ళలో ముంచితే ఏ రంగైనా పట్టించుకుంటుంది. రంగులద్దే ఇళ్ళకు అది చెప్పాలా? గుమ్మడి ఆకు మీద తంగేడు, గునుగు, బంతి వరసలు పేర్చుకుంటూ పోతే చివరకు నిలబడేది కూడా శంకువే. 2014లో తెలంగాణ ప్రభుత్వం బతుకమ్మను రాష్ట్ర పండుగ చేసింది. మన పేటల్లో ఏ ప్రభుత్వ ఉత్తర్వూ లేకుండానే తరాలుగా పేరుస్తున్నారు.

బయటి నుంచి వచ్చి మనవైన పువ్వులు

బంతి లేని దసరా ఊహించగలమా? ఆ బంతి మనది కాదు. దాని చీటీలో "ఎక్కడి నుంచి" గడిలో మెక్సికో అని రాయాలి. అక్కడి ప్రాచీన నహువాల్ భాషలో దాని పేరుకు ఇరవై రేకుల పువ్వు అని అర్థం. చనిపోయిన పెద్దలను తలచుకునే పండుగకు వాళ్ళు ఇంటి దారంతా బంతి రేకులు పరుస్తారు. స్పెయిన్, పోర్చుగల్ ఓడలు అమెరికాకు తిరగడం మొదలయ్యాకే అది మన వైపు వచ్చింది. నేను తమిళ మీడియంలో చదివినవాణ్ణి. తమిళంలో దాన్ని తులుక్క సామంది అని కూడా అంటారు. అంటే బయటి దేశం నుంచి వచ్చిన చామంతి అని. ఆ పేరులో చీటీ ఇంకా చిరగలేదు. తెలుగులో బంతి అని సొంత పేరు పెట్టుకున్నాం, చీటీ చింపేశాం.

చామంతి చైనా పువ్వు. తెలుగులో చామంతి, మరాఠీలో శేవంతి, తమిళంలో సెవ్వంది. మూడు భాషల్లోనూ ఇంటి పిల్ల పేరులాగే ఉంది. చైనా అంటే గుర్తొచ్చింది. మన ఊళ్ళో 1910లో పుట్టిన డాక్టర్ ద్వారకానాథ్ కోట్నీస్ చైనాకు వెళ్ళి, క్షతగాత్రులకు వైద్యం చేస్తూ 1942లో అక్కడే కన్నుమూశాడు. వాళ్ళ పువ్వు ఇక్కడ మనదైంది, మన డాక్టరు అక్కడ వాళ్ళవాడయ్యాడు.

ఇక కోన్‌ఫ్లవర్‌కు దగ్గర చుట్టం ఒకటి మన మార్కెట్లో ఎప్పటి నుంచో ఉంది. ఎరుపు మధ్య, పసుపు అంచు, గరుకు రేకులు. మరాఠీ రైతులు గలాండా అంటారు, పుస్తకం పేరు గైలార్డియా. అదీ అమెరికా పువ్వే. బుట్టలకు బుట్టలు దండల్లోకి పోతుంది. దేవుడి మెడలో ఉన్నంతసేపూ దాని దేశం ఎవరూ అడగలేదు.

ఇదే కుటుంబంలో, అదే అమెరికా నుంచి వచ్చిన ఇంకొక మొక్క ఉంది. తెల్లటి సన్న పూలు, క్యారెట్ ఆకులు. తెలుగులో వయ్యారిభామ, మరాఠీలో గాజర్ గవత్, జనం నోట కాంగ్రెస్ గడ్డి. 1950లలో పుణెలో దీన్ని గుర్తించారు. అప్పటి నుంచి దేశమంతా పాకింది. చర్మానికి దురద, కొందరికి ఆయాసం. బీడు నేలల్లో తంగేడు, గునుగు మొలవాల్సిన చోటంతా ఆక్రమించింది. చేలల్లో గునుగును కలుపు మందు చంపుతోంది, బీడులో ఈ గడ్డి చంపుతోంది.

కాబట్టి బయటి నుంచి వచ్చిందా లేదా అన్నది ఒక్కటే చూస్తే లెక్క కుదరదు. బంతీ బయటిదే, వయ్యారిభామా బయటిదే. బంతికి ప్రతి ఏడూ ఎవరో ఒకరు ఎండిన పువ్వు దాచి, విత్తనం చల్లి, నీళ్ళు పోశారు. వయ్యారిభామకు ఎవరూ ఏమీ చేయలేదు. మనం వదిలేసిన నేలలో అది పెరిగింది, అంతే.

పెంపకం సంగతి

ఇప్పుడు తమ్ముడి ప్రశ్నకు సూటిగా జవాబు. కోన్‌ఫ్లవర్ సోలాపూర్‌లో వస్తుంది, కానీ బంతిలా విసిరేస్తే రాదు.

విత్తనం: ఊదా ఎకినేసియా, లేదా పసుపు రుడ్బెకియా తీసుకోండి. నీలం రంగు కోన్‌ఫ్లవర్ అని ఫోటో పెట్టి అమ్మేవాళ్ళుంటారు. అలాంటి పువ్వు లేదు, డబ్బు పారేయకండి.

చలి: ఎకినేసియా పుట్టిన చోట చలికాలం గట్టిగా ఉంటుంది. ఆ చలి తగిలితేనే విత్తనం సరిగ్గా మొలుస్తుంది. మనకు అంత చలి లేదు, ఫ్రిజ్ ఉంది. పాత టవల్ ముక్క తడిపి గట్టిగా పిండి, అందులో విత్తనాలు చుట్టి, ప్లాస్టిక్ సంచిలో పెట్టి, ఫ్రిజ్‌లో కింది అరలో నాలుగు నుంచి ఆరు వారాలు ఉంచండి. ఫ్రీజర్‌లో వద్దు. మన ఊరి టవల్‌కు ఇంతకంటే కొత్త పని ఉండదు!

నాటడం: దసరా, దీపావళి మధ్య, ఎండ తగ్గాక. విత్తనం మీద పావు అంగుళం మట్టి చాలు. రెండు మూడు వారాల్లో మొలకలు వస్తాయి. మొక్కకూ మొక్కకూ అడుగున్నర ఎడం ఉండాలి.

మట్టి: నల్లరేగడి ఒక్కటే వద్దు. వానకు ముద్దయి వేరు కుళ్ళుతుంది. ఒక పాలు రేగడి, ఒక పాలు ఇసుక లేదా సన్న మొరం, ఒక పాలు బాగా మాగిన ఎరువు. ఎరువు ఎక్కువైతే కాండం పొడుగ్గా పెరిగి వాలిపోతుంది, పువ్వు తగ్గుతుంది.

నీళ్ళు: మన పేటల్లో నల్లా రోజూ రాదు. భయం లేదు. మొదటి మూడు నెలలు మట్టి ఆరినప్పుడల్లా కొంచెం పోయాలి. వేరు దిగాక వారానికి రెండుసార్లు మొదట్లో పోస్తే చాలు. బియ్యం కడిగిన నీళ్ళయినా సరే. ఆకుల మీద పోయకండి, బూడిద తెగులు వస్తుంది. మొదట్లో ఎండుటాకు, కొబ్బరి పీచు పరిస్తే తడి నిలుస్తుంది.

ఎండ: పుస్తకాల్లో రోజంతా ఎండ అని రాసి ఉంటుంది. ఆ పుస్తకం రాసినవాళ్ళు సోలాపూర్ మే నెల చూసి ఉండరు. ఉదయం ఎండ, మధ్యాహ్నం తర్వాత గోడ నీడ ఉండే చోటు చూడండి. తూర్పు గోడ పక్కన బాగుంటుంది.

ఓర్పు: ఎకినేసియా మొదటి ఏడు ఎక్కువగా ఆకులే ఇస్తుంది. పువ్వు రెండో ఏడు. మూడు నాలుగేళ్ళకొకసారి దుబ్బును విడదీసి నాటుకోవచ్చు. అంత ఆగలేనివాళ్ళు రుడ్బెకియా వేయండి, అదే చలికాలం చివర్లో పూస్తుంది. మొదటిసారి వేసేవాళ్ళకు నా సలహా గలాండా. ఎండకు అంత తట్టుకునే చుట్టం ఇంకొకరు లేరు.

తెగులు: పువ్వు ఆకుపచ్చగా, వంకరటింకరగా వస్తే అది పచ్చదోమ మోసుకొచ్చే రోగం. మందు లేదు. మొక్కను వేరుతో పీకి పారేయాలి. లేకపోతే పక్క చామంతికీ అంటుకుంటుంది. మామూలు పురుగుకు వేపనూనె, సబ్బునీళ్ళు చాలు. బీడీ పొగాకు పొడి నానబెట్టిన నీళ్ళు మన ఇళ్ళలో పాత మందే గాని అది మనిషికీ విషమే. పిల్లలున్న ఇంట్లో వద్దు. టమాటా, మిరప మొక్కల దగ్గర అసలే వద్దు. పొగాకు, ఆ రెండూ ఒకే కుటుంబం, పొగాకు రోగం వాటికీ వస్తుంది.

విత్తనం దాచడం: పువ్వు వాడాక గుబ్బ నల్లబడి ఎండేదాకా చెట్టు మీదే వదలండి. తర్వాత కోసి కాగితపు సంచిలో దులపండి, పేరు, ఏడాది రాసి పెట్టండి. బంతికీ అంతే. కానీ హైబ్రిడ్ బంతి విత్తనం దాస్తే తల్లి పోలిక రాదు, ప్రతి ఏడూ ప్యాకెట్ కొనాలి. పాత నాటు బంతి ఎవరి వాకిట్లో అయినా ఉంటే దాన్ని బంగారంలా చూసుకోండి.

ఆవరణ సంగతి

పేవర్ బ్లాకులు కావాలనేవాళ్ళ మాటలో న్యాయం ఉంది. వానాకాలం బురద. పెళ్ళిళ్ళకు ఆవరణ ఇస్తే సంఘానికి నాలుగు రూపాయలు వస్తాయి, టెంటువాళ్ళకు చదును నేల కావాలి. ఊడ్వడం తేలిక. బండ్లు పెట్టుకోవచ్చు. వీటిలో దేన్నీ నేను కాదనను.

నేను అడిగేది మొత్తం ఆవరణ కాదు. తూర్పు గోడ పొడుగునా మూడడుగుల మట్టి వదలమని.

ఎందుకో చెప్తాను. మా పూర్వీకులు నేత పని మీద తమిళ దేశం చేరినవాళ్ళు. ఇంట్లో తెలుగు మాట్లాడేవాళ్ళం, బడిలో తమిళం. మా నానమ్మ తంగేడు అనేది, మేము బడి మాటగా ఆవారంపూ అనేవాళ్ళం. నానమ్మ పోయాక ఆ మాట మా ఇంట్లో ఇంకెవరూ అనలేదు. ఎవరూ వద్దనలేదు, ఎవరూ నిషేధించలేదు. పువ్వు పొలంలో ఉంది, మాట ఇంట్లో లేదు. ఉద్యోగం మీద ఇక్కడికి వచ్చాక, మొదటి ఏడు దాజీ పేట్‌లో బతుకమ్మ పేరుస్తున్న ఒక పెద్దమ్మ నోట తంగేడు అనే మాట మళ్ళీ విన్నాను. ఇరవై ఏళ్ళ తర్వాత.

ఇప్పుడు మన పిల్లలు బంతిని జెండూ అంటున్నారు. మరాఠీ మంచి భాష, మనకు అన్నం పెట్టిన ఊరి భాష, అది రావాలి. దానికి అడ్డు చెప్పేవాణ్ణి కాదు. కానీ గునుగు అనే మాట నేర్పాలంటే చేతిలో గునుగు ఉండాలి. ఫోటో చూపించి నేర్పలేం. కుంభారి వైపు రే నగర్‌లో 2024 నుంచి కొత్త ఇళ్ళు వచ్చాయి. బీడీ కార్మికుల కుటుంబాలెన్నో అటు వెళ్తున్నాయి. సొంత ఇల్లు పెద్ద సంతోషం. కానీ వెళ్ళే ముందు ఇక్కడి వాకిట్లోని విత్తనం ఎవరు దాచిస్తారు? దసరాకు ప్లాస్టిక్ పూల బతుకమ్మ ఇప్పటికే ఒకటి రెండు చోట్ల చూశాను. అది వాడదు, నీళ్ళలో కలవదు, మరుసటి ఏడు విత్తనం ఇవ్వదు.

అందుకని సమావేశంలో పెట్టబోయే ప్రతిపాదన ఇది:

ఒకటి, తూర్పు గోడ పక్కన మూడడుగుల మట్టి పట్టీ వదలాలి. మిగతాది బ్లాకులు వేసుకోవచ్చు.

రెండు, ఆ పట్టీలో రెండు తంగేడు పొదలు, గునుగు వరస, నాటు బంతి, చామంతి, నాలుగు కుసుమ మొక్కలు, గలాండా, చివర తమ్ముడి కోన్‌ఫ్లవర్. వచ్చిన చుట్టానికి పీట వేయడం మన పద్ధతే.

మూడు, ప్రతి మొక్కకూ చిన్న రేకు పలక. మీద పేరు తెలుగులో, మరాఠీలో. కింద "ఎక్కడి నుంచి" అన్న గడి. ఆ పలకలు రాసే పని నాది. రంగు ఖర్చు కూడా నాదే.

నాలుగు, ప్రతి సంక్రాంతికి విత్తనాల సంచులు సంఘం బీరువాలో. కొత్త ఇంటికి వెళ్ళే ప్రతి కుటుంబానికీ తాంబూలంతో పాటు ఒక సంచి.

ఐదు, నీళ్ళు పోసే వంతు. వారానికి ఇద్దరు, పిల్లలతో కలిసి. పేర్లు ఇవ్వండి, చార్టు రాస్తాను. ముప్పై ఏళ్ళు డ్యూటీ చార్టుల మధ్య బతికినవాణ్ణి, అందులో మాత్రం మీకు లోటు రానివ్వను.

ఒప్పుకోనివాళ్ళు కూడా కింద రాయండి, సమావేశంలో కోపాలు రాకముందే ఇక్కడ మాట్లాడుకుందాం. ఎవరి దగ్గరైనా నాటు బంతి విత్తనం, లేదా పెద్దవాళ్ళ దగ్గర విన్న కుసుమ రంగు సంగతులు ఉంటే తప్పకుండా చెప్పండి. పూల పేర్లు మీ ఇంట్లో పెద్దమ్మలు, నానమ్మలు ఏమంటారో అడిగి, వాళ్ళు అన్నది అన్నట్టే రాసి పంపండి. పలక మీద ఆ పేరే రాస్తాను.